గంజీఫా పేక

పేక యనగానే 52 ముక్కలు గల కాగితపు కట్ట నేటివారికి స్ఫురించును. పూర్వము మన దేశమున ఆడుచుండిన పేకముక్కలు చక్రములవలె గుండ్రనివి. వాటికి గంజీఫా యని పేరు. బాబరు చక్రవర్తి 1527లో సింధుదేశమందలి తన మిత్రునకు గంజీఫా పంపినట్లు స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

మొగలుల పేకలో 8 రంగులు, రంగునకు 12 చొప్పున 96 ముక్కలు. కిరీటము, ఖడ్గము, నాణెము మొదలగునవి వాటి గుర్తులు. హిందువుల చేతబడి ఆ పేక దశావతారములను ధరించినది. పది అవతారములకు 120 ముక్కలు. మత్స్యమునకు చేప గుర్తు, పరశురామునకు గొడ్డలి. ప్రతి రంగునందును రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివరకు అంకెముక్కలు నుండును. చిత్రమేమనగా, సగము రంగులలో పది పెద్దది. తక్కిన సగములో ఒకటియే పెద్దది! పగలు రాముడు గలవాడును, రాత్రి కృష్ణుడు గలవాడును ఆట ప్రారంభించుట ఆచారము.

తెలుగునాట నిర్మలలోని నకాషీలును, కర్నూలు సీమయందలి నొస్సము చిత్రకారులును ఈ పనికి పేరొందిరి. పాతగుడ్డను చింతగింజల జిగురుతో పొరలుపొరలుగా అంటించి, సుద్ద పూసి, గుండ్రముగా కత్తిరించి, బొమ్మలు వ్రాసి, పైని లక్క పూయుదురు. వెనుకవైపున ఒకే రంగు. అచట చిన్న మచ్చ యున్నను ఎదుటివాడు ముక్కను గుర్తించును గదా! ధనికులకు దంతపుముక్కలు నుండెడివి.

అచ్చుయంత్రముపై తయారై చౌకగా వచ్చిన విలాయతీ పేక ముందు ఇది నిలువలేదు. ఆట మానినవారి యిండ్లలో ముక్కలు అటకలకెక్కినవి. చింతజిగురు పురుగులకు మిక్కిలి ప్రీతి. రేపల్లె వంటి సముద్రతీరపు సీమలలో తేమగాలియు వాటికి శత్రువే.

బెర్లినులో 1908లో జన్మించి, 1933లో బొంబాయి చేరిన రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ అను కళావిమర్శకుడు ఇట్టి ముక్కలను శ్రద్ధతో సేకరించెను. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందలి గంజీఫాలను వివరించుచు ఆయన రచించిన గ్రంథము 1982లో వెలువడినది.

ఈ సేకరణ సులభము కాదు. అచ్చుపేకలో ముక్క పోయిన మరియొక కట్ట కొనవచ్చును. ఇచట ఒక్క నరసింహుడు పోయిన, ఆ చేయి వ్రాసిన నరసింహుడు మరి దొరకడు. వేరొకనిచే వ్రాయించి చేర్చిన 120 ముక్కలకంటె, లోటుతోనున్న 119 ముక్కలే నిజమైనవి.

మహారాష్ట్రమందలి సావంత్‌వాడి రాజభవనమున చిత్రకారులు నేటికిని గంజీఫాలు వ్రాయుచున్నారు. కొనిపోవువారిలో ఆట తెలిసినవారు మాత్రము అరుదు.