పొట్టలో డయాలసిస్, కంటికి కునుకు లేదు

మూత్రపిండాలు పనిచేయనివారు పెరిటోనియల్ డయాలసిస్‌ను ఇంట్లోనే చేసుకోవచ్చు. గొట్టం ద్వారా పొట్టలోకి సుమారు 2 లీటర్ల ద్రవం ఎక్కిస్తారు. పేగులను కప్పి ఉండే పెరిటోనియం పొరే వడపోత పని చేస్తుంది. మలినాలు చేరిన ద్రవాన్ని కొన్ని గంటలకు వదిలేసి కొత్తది నింపాలి. చేత్తో అయితే రోజుకు మూడు నాలుగు సార్లు. యంత్రంతో అయితే రాత్రి 8 నుంచి 10 గంటలు, నిద్రలోనే.

ఆ నిద్రే చాలామందికి కరువు. పక్కకు ఒత్తిగిలితే గొట్టం మడతపడి యంత్రం అలారం మోగిస్తుంది. పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్లుంటుంది, కదిలిస్తే తప్ప ఊరట ఉండదు. దురద సరేసరి. గురక మధ్యలో ఊపిరి ఆగి మెలకువ వచ్చేవారూ ఉన్నారు. తెల్లారితే నీరసం, చిరాకు. రక్తపరీక్షల్లో అంకెలు బాగున్నంత మాత్రాన బతుకు బాగున్నట్లు కాదు.

అలాగని యంత్రాన్నే తప్పుపట్టలేం. హాంకాంగ్ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, చేత్తో ద్రవం మార్చుకునేవారి కంటే రాత్రి యంత్రం వాడేవారిలో నిద్రలో ఊపిరి ఆగే సమస్య తక్కువగా కనిపించింది. ఒంట్లో అదనంగా చేరిన నీరు పడుకున్నప్పుడు మెడ వైపు జరిగి శ్వాసమార్గాన్ని ఇరుకు చేస్తుంది. రాత్రి ఆ నీటిని బాగా తీసేస్తే ఊపిరికి దారి దొరుకుతుంది.

నిద్రను కొలవడమూ కష్టమేమీ కాదు. 1989 నాటి పిట్స్‌బర్గ్ ప్రశ్నావళిలో 21కి 5 దాటితే నిద్ర సరిగా లేనట్లే. కాళ్ల బాధకు ఇనుము లోపం కారణమైతే మందులున్నాయి. అలారం మాటిమాటికీ మోగుతుంటే మలబద్ధకం ఉందేమో కూడా చూడాలి: నిండిన పేగు గొట్టాన్ని నొక్కి, ద్రవాన్ని బయటకు రానివ్వదు.