తొండపిల్లను పెంచుతారా?

మీ పిల్లవాడు శ్రీరాంపూర్ కాలనీలో తొండపిల్లను పట్టి సీసాలో దాచాడా? కంగారుపడకండి, దానికి విషం లేదు. కానీ దాని మలంలో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. తొండ హుషారుగానే ఉంటుంది. అయిదేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, వృద్ధులకూ మాత్రం విరేచనాలూ, జ్వరమూ ప్రాణం మీదికి తేవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. ఆ సీసాను వంటింట్లో కడగకండి.

తొండ తన ఒంటికి కావలసిన వేడిని తాను పుట్టించుకోలేదు; దానికి ఎండా, నీడా రెండూ కావాలి. మూతపెట్టిన సీసాను ఎండలో ఉంచితే కొద్దిసేపట్లోనే చస్తుంది. మెతుకులు తినదు, కదిలే పురుగులు కావాలి. అందుచేత పట్టినచోటే వదిలించడం ఇద్దరికీ క్షేమం. ఉడుమునైతే పట్టనే కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

విరేచనంలో రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. తొండ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.