రేవులో లేని మిరియం

సోమవారం ఎడిటర్ గారి ఫోన్. "ఘంటసాల నుంచి రోముకు మిరియాలు వెళ్లేవటగా! ముఖచిత్ర కథనం రాయండి. ఆ ఘాటు వెనక కెమిస్ట్రీ కూడా పడాలి. గురువారానికి ఇవ్వాలి." ఘంటసాల అనగానే పాట గుర్తు చేసుకోని మనిషి దొరికాడు కదాని ఒప్పేసుకున్నాను.

ఊళ్లో చూస్తే నల్లరేగడి, వరి, దాని వెనక మినుము. నీళ్లు నిలిచే నేలలో మిరియం తీగ బతకదు. మన రాష్ట్రంలో అది కావాలంటే పాడేరు, చింతపల్లి కాఫీ తోటలకు ఎక్కాలి. పోనీ రేవు సరుకా? గ్రీకు భూగోళ రచయిత టోలెమీ 2వ శతాబ్దంలో రాసిన కంటకోస్సుల ఇదే, ఇక్కడి శాసనంలో శివకుడనే మహానావికుడున్నాడు, ఊళ్లోని బౌద్ధ స్తూపాన్ని పురాతత్వవేత్త అలెగ్జాండర్ రీ తవ్వించాడు, సముద్రం దూరం జరిగిపోయింది. రేవు నిజమే, మిరియమే కాదు. ఎందుకంటే 1వ శతాబ్దపు గ్రీకు ఓడవర్తకుల పుస్తకం 'పెరిప్లస్' మసాలియా అని మన తీరానికి పేరుపెట్టి, ఇక్కడ దొరికేది నూలుబట్ట అంది. మిరియాలను పడమటి తీరపు ముజిరిస్ ఖాతాలో రాసింది. మసాలియాలో మసాలా లేదు!

కథనం మునిగిందనుకున్నాను. రోమన్ రచయిత ప్లినీ ధరల పట్టీ ఒడ్డెక్కించింది. పౌను పిప్పళ్లు 15 దెనారీలు (రోమన్ వెండి నాణేలు), తెల్ల మిరియాలు 7, నల్లవి 4. తీపీ లేదు, రూపమూ లేదు, ఒట్టి ఘాటుకే ఇంత పోస్తున్నారేమిటని ఆయన సణుగుడు. నల్లదీ తెల్లదీ ఒకే తీగ కాయలు, తొక్క తీస్తే తెల్లవి. అంటే రోమువాళ్లు తొక్క తీసినందుకే 3 దెనారీలు ఎక్కువ ఇచ్చారు. పిప్పలి వేరే తీగ, కానీ మిరియాన్ని గ్రీకులు పిలిచిన 'పెపెరి' మన పిప్పలి మాటే.

ప్లినీ ఈసడించిన ఆ ఘాటు పేరు పైపరిన్. 1819లో దాన్ని విడదీసినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్. మరుసటేడు కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం గమనించినదీ ఆయనే. లేత పసుపు స్ఫటికాలు, 130 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఆల్కలాయిడ్ అంటే క్షారంలాంటిదని అర్థం, కానీ ఇందులో నైట్రోజన్ అమైడ్ బంధంలో చిక్కుకుపోయి క్షారగుణం దాదాపు చూపదు. నీళ్లలోనూ సరిగా కరగదు, నేతిలో కరుగుతుంది. మిరియాల చారులో నేతి తాలింపు పడితే ఘాటు నిలిచేది అందుకే. నాలుక మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టి, వేడి తగిలిందని మెదడుకు అబద్ధం చెబుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్‌దీ అదే అబద్ధం, కాకపోతే అది పోర్చుగీసుల వెంట వచ్చిన కొత్త చుట్టం.

మిగిలిన ముక్కలు: ఈజిప్టులోని బెరెనీకే రేవు గుడిలో భారతీయ జాడీలో 7.5 కిలోల నల్లమిరియాలు తవ్వకాల్లో దొరికాయి. 408లో రోమును ముట్టడించిన గోతుల నాయకుడు అలారిక్ అడిగిన కప్పంలో 3,000 పౌన్ల మిరియాలున్నాయి. పైపరిన్‌తో కలిపితే పసుపులోని కర్‌క్యుమిన్ 20 రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుందని 1998 నాటి బెంగళూరు అధ్యయనం. వాట్సాప్‌లో తిరిగేది ఇదే. కర్‌క్యుమిన్ విడిగా ఒంటబట్టేది అత్యల్పం కాబట్టి 20 రెట్లూ గొప్పేమీ కాదని నా అనుమానం. కొన్ని మందుల మోతాదునూ పైపరిన్ రక్తంలో పెంచుతుంది, రోజూ మాత్రలు వేసుకునేవారు పైపరిన్ బిళ్లలు కొనేముందు డాక్టరును అడగండి.

వెలుగు తగిలితే పైపరిన్ రూపం మారి ఘాటు పోగొట్టుకుంటుంది, పొడి కొడితే వాసన నూనెలూ ఎగిరిపోతాయి. గింజలే కొనండి, గట్టి మూత ఉన్న డబ్బాలో చీకట్లో ఉంచండి, చారు పొయ్యి మీదున్నప్పుడే దంచండి.