షాహెద్: చవకే దాని బలం

2022 సెప్టెంబరులో ఉక్రెయిన్‌లోని కూపియాన్స్క్ దగ్గర కూలిన డ్రోన్ శకలం మీద రష్యన్ లిపిలో ‘గెరాన్-2’ అని ఉంది. పేరు మార్చినా ఆకారం పట్టిచ్చింది. అది ఇరాన్‌లో పుట్టిన షాహెద్-136.

దాని వంశం ఇంకా పాతది. రాడార్లను వెతికి కూల్చే త్రికోణపు రెక్కల డ్రోన్‌ను 1980లలోనే పశ్చిమ జర్మనీలో డోర్నియర్ సంస్థ రూపొందించింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగియడంతో దాన్ని పక్కన పెట్టేశారు. ఇజ్రాయెల్ తయారుచేసిన హార్పీ డ్రోన్‌దీ అదే పోలిక. షాహెద్ ఇంజిన్ కూడా జర్మనీ లింబాక్ సంస్థ చిన్న విమానాల కోసం చేసిన ఇంజిన్‌కు నకలే: నాలుగు సిలిండర్లు, రెండు స్ట్రోకులు, సుమారు 50 హార్స్‌పవర్.

షాహెద్ పొడవు మూడున్నర మీటర్లు, బరువు దాదాపు 200 కిలోలు, మొదటి రకాల ముక్కులో 50 కిలోల దాకా పేలుడు పదార్థం. వేగం గంటకు 185 కిలోమీటర్లే. ముందే ఎక్కించిన చిరునామాకు ఉపగ్రహ సంకేతాల సాయంతో వెళ్లి పడుతుంది. మొదట్లో వచ్చినవాటికి కెమెరా లేదు, కదిలే ట్యాంకును పట్టలేవు. కదలనివే దానికి గురి: విద్యుత్ కేంద్రాలు, ఇళ్లు. 2022 అక్టోబర్ 17న కీవ్‌లో ఒక నివాస భవనం కూలి గర్భిణి, ఆమె భర్త చనిపోయారు. ఈ యంత్రం గురించి ఏం రాసినా ఆ ఇంటిని వదిలేసి రాయకూడదు.

ఇందులో కొత్త విజ్ఞానం ఏమీ లేదు. భయపెట్టేది దాని ధర. ఒక్కోటి 20 వేల నుంచి 50 వేల డాలర్లని అంచనా. దాన్ని కూల్చగల పేట్రియాట్ క్షిపణి దాదాపు 40 లక్షల డాలర్లు. 2025 సెప్టెంబరులో ఒక్క రాత్రే, ఉత్తుత్తి డ్రోన్లతో కలిపి, ఉక్రెయిన్ మీదికి 800కు పైగా వచ్చాయి. ఎంత సంపన్న దేశమైనా ఆ లెక్కన క్షిపణులు ఖర్చుపెట్టలేదు.

దారి చూపింది దాని మోతే. రాత్రిపూట ఆకాశంలో మోపెడ్ వెళ్తున్నట్టు వినిపిస్తుంది, అక్కడి జనం దాన్ని మోపెడ్ అనే అంటారు. ఉక్రెయిన్ ఇంజినీర్లు స్తంభాల మీద మైకులు, మొబైల్ ఫోన్లు బిగించి దేశమంతా వేల చెవులు ఏర్పాటు చేశారు. ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిస్తే పికప్ ట్రక్కు మీది మెషీన్‌గన్‌తోనే కూల్చేయవచ్చు. రష్యా వాటిని తూటాలకు అందనంత ఎత్తులో నడపడం మొదలుపెట్టింది. దాంతో ఉక్రెయిన్ కొన్ని వేల డాలర్లకే దొరికే వేట డ్రోన్లను పైకి పంపుతోంది.

2025 జూలైలో అమెరికా రక్షణశాఖ తన కొత్త దాడి డ్రోన్ లూకాస్‌ను ప్రదర్శనకు పెట్టింది. త్రికోణపు రెక్కలు, వెనక ప్రొపెల్లర్, ధర సుమారు 35 వేల డాలర్లు: షాహెద్‌ను చూసి చేసిందే.