జ్ఞానదంతాలు: ఎప్పుడు తీయించాలి, ఎప్పుడు వదిలేయాలి

గత భాగంలో మానవుని దంతసూత్రాన్ని చదివారు. ప్రతి దవడలో ఒక్కో పక్కన రెండు కుంతకాలు, ఒక రదనిక, రెండు అగ్రచర్వణకాలు, మూడు చర్వణకాలు. మొత్తం 32 పళ్లు. అద్దం ముందు నిలబడి లెక్కపెట్టుకుంటే మీకు 28 మాత్రమే తేలవచ్చు. తగ్గిన ఆ నాలుగూ చిట్టచివరి చర్వణకాలు. వీటినే జ్ఞానదంతాలు అంటారు. ఇవి సాధారణంగా 17-25 ఏళ్ల మధ్య పైకి వస్తాయి. బుద్ధి వికసించే వయసులో వస్తాయని ఆ పేరు. టర్కీ వారు వీటిని 'ఇరవయ్యేళ్ల పళ్లు' అంటారు. జ్ఞానంతో సంబంధం లేని ఆ పేరే వాస్తవానికి దగ్గరగా ఉంది. దాదాపు అయిదుగురిలో ఒకరికి వీటిలో కనీసం ఒకటి పుట్టుకతోనే ఏర్పడదు. అది లోపం కాదు, ఒక విధంగా అదృష్టమే.

చోటు ఎందుకు చాలదు?

పంటి పరిమాణాన్ని ప్రధానంగా జన్యువులు నిర్ణయిస్తాయి. దవడ ఎముక ఎదుగుదల మాత్రం జన్యువులతో పాటు బాల్యంలో నమిలే శ్రమపై కూడా ఆధారపడుతుంది. వండిన మెత్తటి ఆహారానికి అలవాటుపడిన సమాజాల్లో దవడలు చిన్నవయ్యాయని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. గోదావరి డెల్టా పిల్లలు చెరకు గడలు, తేగలు నమలడం దవడకు మంచి వ్యాయామమే. అయితే ఇరవై ఏళ్లు దాటాక ఎంత నమిలినా దవడ పెరగదు.

చోటు చాలని పన్ను ఎముకలోనో చిగురు కిందో ఇరుక్కుపోతుంది. క్రింది దవడలో ఇది ఎక్కువగా ముందుకు వాలి పక్క పంటిని తాకుతూ ఉంటుంది. కొన్ని పూర్తిగా అడ్డంగా పడుకొని ఉంటాయి. ఎముకలో పూర్తిగా దాగిన పన్ను ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. అసలు చిక్కు సగం పైకి వచ్చి ఆగిన పంటితోనే. దానిపై చిగురు ఒక మూతలా కప్పుకొని ఉంటుంది. ఆ మూత కిందికి అన్నం మెతుకులు చేరతాయి, బ్రష్ చేరదు. బాక్టీరియా పెరిగి చిగురు వాస్తుంది, చీము పడుతుంది, నోరు తెరవడం కష్టమవుతుంది.

ఈ దశలో చాలామంది మందుల షాపులో నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు కొని వాడతారు. నొప్పి తగ్గుతుంది, కానీ చిగురు మూత అలాగే ఉంటుంది. అందువల్ల కొన్ని వారాలకో నెలలకో నొప్పి తిరగబెడుతుంది. అరుదుగా వాపు దవడ కిందికి, మెడలోకి దిగి శ్వాసమార్గాన్ని మూసివేస్తుంది. దీనిని 1836లో వర్ణించిన జర్మన్ వైద్యుడు లుడ్విగ్ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. దవడ కింద గట్టి వాపు, జ్వరం, గుటక వేయలేకపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఉదయం దాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తీయాలా, వద్దా?

జ్ఞానదంతం ఉండటమే రోగం కాదు. ఏ వ్యాధీ లేని ఇరుకు పళ్లను ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2000లో మార్గదర్శకాలు ఇచ్చింది. చిగురు ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ రావడం, పుచ్చు, పక్క పన్ను దెబ్బతినడం, తిత్తి ఏర్పడటం తీయడానికి సరైన కారణాలు. ముందు పళ్లు వంకరపోతాయన్న కారణం మాత్రం బలమైనది కాదు.

పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న భయంతో నొప్పిని భరించేవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. కపాల నాడుల పాఠాన్ని గుర్తు తెచ్చుకోండి: చూపును మోసేది రెండవ నాడి, పళ్లకు వెళ్లేవి అయిదవ నాడి శాఖలు. పన్ను తీస్తే చూపు పోదు. అసలు పట్టించుకోవలసిన నాడి క్రింది దవడ ఎముకలో, జ్ఞానదంతపు వేళ్లకు దగ్గరగా వెళ్తుంది. అది దెబ్బతింటే క్రింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కుతాయి. చాలావరకు ఇది తాత్కాలికమే. అందుకే ముందుగా దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్-రే తీస్తారు. రాజమహేంద్రవరం సమీపంలోని జి.ఎస్.ఎల్., భీమవరంలోని విష్ణు వంటి దంతవైద్య కళాశాలలు డెల్టాలోనే ఉన్నాయి.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక నొప్పి తెలియదు, ఒత్తిడి తెలుస్తుంది. అవసరమైతే చిగురు కోసి, కొద్దిగా ఎముక తొలిచి, పన్నును ముక్కలు చేసి తీసి కుట్లు వేస్తారు. షుగర్ ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆ తరువాతి వారం

పంటి గుంటలో ఏర్పడే నెత్తురు గడ్డే అసలు కట్టు. అది ఊడిపోతే లోపలి ఎముక బయటపడి, రెండు మూడు రోజుల తర్వాత చెవి దాకా పాకే తీవ్రమైన నొప్పి వస్తుంది. దీన్ని డ్రై సాకెట్ అంటారు. గడ్డ నిలవాలంటే దూదిని అరగంట కొరికి పట్టాలి, మొదటి రోజు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు. కోనసీమ వారికి కొబ్బరి బొండం ఇక్కడ మంచి ఆహారమే, కానీ స్ట్రాతో పీల్చకండి. గ్లాసులో పోసుకొని తాగండి. మజ్జిగన్నం, చల్లారిన జావ సరిపోతాయి; ఆవకాయ కొన్నాళ్లు ఆగాలి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించవచ్చు.

పొగ విషయం వేరుగా చెప్పాలి. చుట్టలకు పేరుపొందిన లంక పొగాకు గోదావరి లంకల్లోనే పండుతుంది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను 1947లో రాజమండ్రిలోనే స్థాపించారు. పొగ తాగేవారిలో డ్రై సాకెట్ ఎక్కువగా కనిపిస్తుంది. నికోటిన్ రక్తనాళాలను కుదించి గాయానికి రక్తం అందకుండా చేస్తుంది. పొగ పీల్చే ఊపూ గడ్డను కదిలించవచ్చు. కాబట్టి చుట్ట, సిగరెట్, నమిలే పొగాకు కనీసం వారం పాటు మానాలి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలోనూ డ్రై సాకెట్ కొంత ఎక్కువ.

మీ ప్రగతిని సరిచూసుకోండి

22 ఏళ్ల విద్యార్థినికి కుడివైపు క్రింది జ్ఞానదంతం సగమే పైకి వచ్చింది. ఆరు నెలల్లో మూడుసార్లు చిగురు వాచింది; ప్రతిసారీ మాత్రలతో తగ్గింది. ఎడమవైపు పన్ను ఎముకలోనే దాగి ఉంది, ఏ బాధా లేదు. రెండింటికీ ఒకే సలహా ఇస్తారా? కారణాలతో అయిదు వాక్యాల్లో రాయండి.