రాయితీలిస్తే బాంబులు ఆగుతాయా?

"టెర్రరిస్టులతో మాటలేమిటి? ఒకటిస్తే రెండోది అడుగుతారు" అని ఒక వాదం. "అన్యాయాన్ని సరిదిద్దితే తుపాకీ దానంతటదే దిగుతుంది" అని మరొకటి. ఇజ్రాయెల్-పాలస్తీనా తగాదా గూర్చి హాస్టల్లో మాట మొదలైతే ఈ రెండింటి దగ్గరే తెల్లవారుతుంది. జరిగింది చూస్తే రెండూ సగం నిజాలే. ఇచ్చినది ఎవరి చేతికి వెళ్ళింది, దానివల్ల ఎవరి మాటకు విలువ పెరిగింది అని చూడాలంటాను నేను.

ఓస్లోలో రహస్యంగా చర్చలు జరిగాక, 1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో రాబిన్, అరాఫత్ చేతులు కలిపారు. పి.ఎల్.ఓ. ఇజ్రాయెల్‌ను గుర్తించింది. గాజాలోను, వెస్ట్‌బ్యాంక్‌లో కొంతమేరకు పాలస్తీనియన్లకు స్వపరిపాలన దక్కింది. మరి దాడులు తగ్గాయా? ముందు పెరిగాయి! 1994 ఫిబ్రవరిలో హెబ్రాన్‌లో నమాజు చేసుకుంటున్న 29 మందిని ఒక యూదు తీవ్రవాది కాల్చి చంపాడు. ఏప్రిల్ నుంచి హమాస్ ఆత్మాహుతి బాంబులు. 1995 నవంబరు 4న రాబిన్‌ను చంపినవాడూ ఒక యూదు యువకుడే. 1996 మొదట్లో బస్సుల్లో వరుసగా బాంబులు పేలాయి. మే నెలలో ఓస్లోను వ్యతిరేకించిన నెతన్యాహు గెలిచాడు. రాజీ కుదిరితే తమ పని అయిపోతుందని రెండు పక్షాల అతివాదులకూ తెలుసు. గట్టు తగాదా రేపు తెగుతుందనగా రాత్రికి రాత్రి గడ్డివాముకు నిప్పుపెట్టేవాడు మా పల్లెల్లోనూ ఉంటాడు.

అయినా 1998, 99 నాటికి దాడులు బాగా తగ్గాయి. అరాఫత్ పోలీసులు, ఇజ్రాయెల్ భద్రతాదళాలు కలిసి పనిచేయడం అందుకొక కారణం. (లాబులో ఒక్కటి మార్చి మిగతావి కదలకుండా ఉంచుతాం. చరిత్రలో ఆ వీల్లేదు కాబట్టి అదొక్కటే కారణమని చెప్పలేను.) కాని ఆ ఏళ్ళలోనే వెస్ట్‌బ్యాంక్‌లో యూదు వలసదారులు లక్ష పైచిలుకు నుంచి రెండు లక్షల దగ్గరకు చేరారు. ఒకపక్క భూమి జారిపోతుంటే ఆ రైతు కాగితాన్నెలా నమ్ముతాడు? 2000 జూలైలో క్యాంప్ డేవిడ్ చర్చలు విఫలమయ్యాయి. సెప్టెంబరులో రెండవ ఇంతిఫాదా మొదలైంది. సుమారు వెయ్యిమంది ఇజ్రాయెలీలు, మూడువేల మంది పాలస్తీనియన్లు దానికి బలైపోయారు.

2005లో షరోన్ గాజా నుంచి సైన్యాన్ని, సుమారు 8,000 మంది వలసదారులను తీసేశాడు. చిన్న రాయితీ కాదది. కాని చర్చలకు సిద్ధంగా ఉన్న అబ్బాస్‌తో ఒప్పందం చేసుకుని ఇచ్చింది కాదు. "మా ఆయుధాలకు జడిసి పోయారు" అని హమాస్ చెప్పుకుంది, 2006 జనవరిలో ఎన్నికలూ గెలిచింది. 2011లో ఒక్క సైనికుడి కోసం 1,027 మంది ఖైదీలను వదిలారు. 2023 అక్టోబరు 7 దాడికి పథకం వేసిన సిన్వార్ వారిలో ఒకడు. ఆ రోజు సుమారు 1,200 మంది చనిపోయారు. తర్వాత గాజాలో పదులవేల మంది. తుపాకీ పట్టినవాడికి ఖైదీలు దక్కారు. ఏళ్ళ తరబడి పోలీసు సహకారం ఇచ్చిన అబ్బాస్‌కు 2014లో చర్చలు ఆగిపోయాక చూపించుకోవడానికేమీ మిగల్లేదు.

ఈజిప్టు సంగతి వేరు. 1979 సంధి ప్రకారం సినాయ్‌ను విడతలుగా తిరిగిచ్చారు, మాట అమలుచేయించగల ప్రభుత్వం అవతల ఉంది. సంధి చేసిన సాదత్‌ను 1981లో సొంత సైన్యంలోని మతతీవ్రవాదులే చంపారు. అయినా 1982 ఏప్రిల్‌లో ఆఖరి విడత భూమి చేతికొచ్చింది. ఆ రెండు దేశాల మధ్య మళ్ళీ యుద్ధం రాలేదు.