వైను ద్రాక్షకు వేసవి కత్తిరింపు

ద్రాక్షతీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలన్న సంగతి హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహి పండించినవారికి కొత్త కాదు. నాసిక్ ప్రాంతంలో వైనుకోసం వేసే షెనిన్ బ్లాంక్, షిరాజ్ రకాలకూ ఇదే పద్ధతి. చలిదేశాలలో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది గనుక అక్కడ ఒక్క కత్తిరింపు చాలు. మన ఎండలకు దానికి నిద్ర లేదు. కత్తెరతోనే మనం దానికి ఋతువులు ఏర్పరచవలసివస్తుంది.

కోత అయిన తర్వాత ఏప్రిల్‌లో చేసే కత్తిరింపు పండుకోసం కాదు, కొత్త కొమ్మకోసం. కాచిన కొమ్మలను ఒకటి రెండు కన్నులు మాత్రం ఉంచి వెనక్కు కోసివేయాలి. “పంట లేనప్పుడు తోటమీద ఖర్చెందుకండీ?” అని చాలామంది అడుగుతుంటారు. అసలు కీలకం ఇక్కడే ఉంది. కత్తిరించిన సుమారు 40 రోజులు మొదలు 60 రోజుల దాకా లేతకొమ్మ కన్నులలో రాబోయే గుత్తి రూపు కడుతుంది. పైకేమీ కనిపించదు. అక్టోబరు కత్తిరింపు తర్వాత బయటపడే గుత్తి అదే. ఆ రోజులలో కొమ్మకు వెలుతురు చాలకపోతే గుత్తి రావలసినచోట నులితీగ వస్తుంది. తర్వాత ఎన్ని బస్తాల ఎరువు పోసినా ఆ నులితీగ గుత్తి కానేరదు.

అంచేత బలహీనమైన రెమ్మలను లేతగా ఉండగానే గిల్లివేసి, తక్కినవి ఒకదానిమీద ఒకటి పడకుండా పరచి కట్టండి. ఈ దశలో నత్రజని, నీరు మితిమీరితే ఆకు ఏపుగా పెరుగుతుందిగాని కన్ను గొడ్డుబోతుంది. నీరు బొత్తిగా మానమని కాదు, తీగ వాడకుండా చూస్తే చాలు.

వానాకాలంలో బూజు తెగులుకు బోర్డో మిశ్రమం మంచి రక్షణ. 1 కిలో మైలతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీరు. శుభ్రమైన ఇనుపకత్తిని అందులో ముంచి తీస్తే రాగిరంగు పట్టిందా, సున్నం చాలలేదన్నమాట.

అక్టోబరులో వానలు వెనుకబట్టాక, ముదిరి గోధుమరంగు తిరిగిన కొమ్మలపై రెండవ కత్తిరింపు. ఎన్ని కన్నులు వదలాలన్నది రకాన్నిబట్టి ఉంటుంది. ముందుగా కొన్ని కొమ్మలను పరిశోధనశాలలో చూపించి, గుత్తి ఎన్నవ కన్నులో ఉన్నదో తెలుసుకోవడం మేలు.

తినే ద్రాక్షకు పండు లావెక్కాలని జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడతారు. వైనుకు ఆ పని వద్దు. రంగూ వాసనా చాలావరకు తోలులోనే ఉంటాయి. పండు చిన్నదైతే రసంతో పోల్చితే తోలు ఎక్కువ. గుత్తులు మరీ ఎక్కువైతే తీపి పలచబడుతుంది. కొన్నిటిని తీసివేయడానికి చేయి రాదు, నిజమే, అయినా తీయాలి. అన్నట్టు, ఈ చిన్నపండుకు సంతలో గిరాకీ ఉండదు. వైను కర్మాగారంవారితో కాగితం రాసుకున్నాకే మొక్క నాటండి.

కోతకు ముందు బ్రిక్సు పరికరంతో తీపి చూడండి. సామాన్యంగా తెల్ల రకాలు 21, 22 డిగ్రీలకు, ఎర్రవి 23, 24కు వచ్చాక కోస్తారు. పులుపు ఎంత మిగిలిందో కూడా కర్మాగారంవారు చూస్తారు గనుక వారు చెప్పిన రోజునే, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కోసి, లోతులేని పెట్టెలలో సర్దండి. చితికిన పండు దారిలోనే పులియడం మొదలుపెడుతుంది.